ఇంటివాళ్లు

సంఘపెద్ద వచ్చి పక్కన కూర్చునేసరికి, ప్రార్థన మందిరంలో కీబోర్డు తుడుస్తున్న అతని చెయ్యి ఆగింది.

"రేపు సమాధి ప్రార్థనలో, పోయినవాడికి నువ్వు ఏమవుతావని చెప్పమంటావు బాబూ?"

"ఉన్నదే చెప్పండి పెద్దయ్యా. ఇద్దరం కాపురమున్నాం."

"ఆ మాటంటే సగం బెంచీలు ఖాళీ అయిపోతాయి. స్నేహితుడంటాను."

"మంచాన పడితే ఒళ్లు తుడిచి, అన్నం తినిపించింది స్నేహితుడా?"

"పోనీ, ప్రాణస్నేహితుడు."

"బేరమాడకండి. 'అతని ఇంటివాళ్లను ఓదార్చు ప్రభూ' అనండి, చాలు. ఇక్కణ్నుంచే నేను ఆమెన్ అంటాను. ఎవరి గురించో ఆయనకి తెలుసు."

పెద్దాయన లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"అలాగే అంటాను. కానీ బాబూ, వాళ్లమ్మా అన్నలూ... ఆ ఇంటివాళ్లే, రేపు కీబోర్డుకి వేరే మనిషిని పెట్టమన్నారు."