నాడె పట్టుకుని ఫోను కొన్న చౌడమ్మ

చౌడమ్మ ఉందే, మగ్గం మీద కుడిపక్కన కూర్చునే మనిషి. మా వైపు బుటాల చీర ఒక్కళ్ళు నేసేది కాదు, ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. కుడిపక్కావిడ డిజైను చూసి పోగుల లెక్క పైకి చెబుతుంది, మూడు ఎత్తు, రెండు వదులు అని. ఎడంపక్కావిడ ఊ కొడుతూ చేస్తుంది. ఎడంపక్కన చౌడమ్మ కోడలు నూకరత్నం, ఆరో నెల కడుపుతో. ఇద్దర్లో ఎవరు లేచినా మగ్గం ఆగినట్టే అనుకో. వెనకటికి డిజైను గళ్ళ కాయితం మీద వచ్చేదా, ఇప్పుడు షావుకారు సాంబమూర్తి ఫోనులోకి పంపుతున్నాడంట. చౌడమ్మకి ఓ పాత ఫోను ఉండేది, అద్దం పగిలిందే గానీ కళ్ళకి హాయిగా ఉండేది. అది కాస్తా ఓ రోజు గంజి కుండలో పడింది. షావుకారే కొత్తది తెచ్చి, రంగులు చూడు పిన్నీ, నెమలి లేచి నడిచేట్టు లేదూ, అన్నాడంట.

ఏమైందంటే, రెండో రోజుకే ఆవిడకి కళ్ళ వెనకాల పోటు, కడుపులో తిప్పు, పోగులన్నీ ఈదుతున్నట్టు. చెబితే అందరిదీ ఒకటే మాట, వెలుగు తగ్గించు. తగ్గించింది. పోటు పెరిగింది. ఇంకా తగ్గించింది, వాంతి చేసుకుంది. కంటి డాక్టరు చూసి, కళ్ళు బంగారంలా ఉన్నాయమ్మా అన్నాడు. దిష్టేమోనని మగ్గానికి నిమ్మకాయ కట్టారు. ఇంతలో లెక్క తప్పి ఓ నెమలికి మెడ వంకరపోయింది. షావుకారు చీర విప్పి చూసి, "పిన్నీ, పని మీద మనసు లేకపోతే లేదని చెప్పు, కళ్ళ మీద పెట్టకు. ఇంకో నెమలి వంకరపోతే మగ్గం వేరేవాళ్ళకిస్తా" అన్నాడంట. మగ్గం ఆయనదే కదా మరి.

మర్నాడు పోగు తెగితే చౌడమ్మ నాడె చేతిలోకి తీసుకుంది. నాడె అంటే పడుగులో, అదే నిలువు పోగుల మధ్య, అటూ ఇటూ పోతూ అడ్డపోగు వేసే సాధనం, అరచెయ్యంత ఉంటుంది. అది ఫోను ముందునుంచి ఇలా అడ్డంగా పోయిందంట. పోతే ఒక్క నాడె కాదు, పది నాడెలు దువ్వెన పళ్ళలా విడివిడిగా కనపడ్డాయి. మళ్ళీ ఊపింది. మళ్ళీ పది. కోడలు నవ్వి, "ఏంటత్తా, ఫోనుకి హారతిస్తున్నావా?" అంది. "నవ్వకే. ఇది నిలకడగా వెలగట్లేదు, ఆరి వెలుగుతోంది" అంది చౌడమ్మ. నిజమే మరి. నేను కాలేజీలో ఉండగా లెక్చరరు గారొకాయన, ఆయన కోటు జేబు నిండా ఎప్పుడూ సుద్దముక్కలే, ట్యూబులైటు కింద పంకా తిప్పి, రెక్కలు ఆగినట్టు కనపడ్డం చూపించేవారు. సరే, ఆయన సంగతి వదిలేయండి. ఆ ట్యూబులైటులాగే కొన్ని ఫోనులూ ఆరి వెలుగుతాయి, వెలుగు తగ్గించమంటే సన్నగా వెలగవు, ఎక్కువసేపు ఆరి తక్కువసేపు వెలుగుతాయి. చూపుకి తెలీదు, కొందరి తలకాయకి తెలుస్తుంది. మేలు కోరి చెప్పిన మాటే ఆవిణ్ణి పీక్కుతిన్నదన్నమాట.

నాడె కొంగున కట్టుకుని టౌనుకి పోయింది. ఫోనుల కొట్టాయన చూసి, "ఇక్కడేం నేస్తావు మామ్మా?" అన్నాడంట. "నువ్వు వెలుగు తగ్గించి పట్టుకో నాయనా, నేను చూసుకుంటా." ఒక్కో ఫోను ముందూ ఊపింది. పది నాడెలు. పది నాడెలు. పదకొండు ఫోనులయ్యాక అడుగున పడేసిన మందపాటిది ఒకటి తీశాడు. దాని ముందు నాడె ఒక్క మసక చారలా పోయింది. ఇదివ్వు, అంది. "దీంట్లో నలుపు నలుపులా ఉండదు మామ్మా, బూడిదగా ఉంటుంది." "నాకు నలుపుతో ఏం పని, నెమలి కనపడితే చాలు."

నాలుగు రోజుల్లో పోటు పోయింది. నెమళ్ళు తిన్నగా వచ్చాయి. ఇక చూడు, వీధిలో ఎవరికి తల నొచ్చినా చౌడమ్మ నాడె పట్టుకుని బయల్దేరేదంట. ఆ పోటు పెట్టిన ఫోను మాత్రం, వాళ్ళమ్మతో మాట్లాడుకుంటుందిలే అని కోడలికిచ్చింది.

కోడలికి ఎనిమిదో నెల వచ్చింది. ఓ పొద్దున, "అత్తా, తల పగిలిపోతోంది, కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయి" అంది. చౌడమ్మ ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో పడేసింది. ఆ నొప్పి నాకు తెలీదటే, రెండు రోజులు దాన్ని చూడకు, అదే పోతుంది, అంది. కాళ్ళు కూడా వాచాయత్తా, అంటే, మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసి కూర్చుంటే నావీ వాస్తాయి, అంది. ప్రేమగానే అంది. కళ్ళ మీద తడిగుడ్డ వేసింది. ఫోను డబ్బాలోనే ఉంది, నొప్పి తగ్గలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం లెక్క చెబుతోంది. మూడు ఎత్తు, రెండు వదులు. పలుకు లేదు. మళ్ళీ చెప్పింది. తను కొనుక్కున్న ఫోను కళ్ళకి హాయిగా ఉంది కదా, దాని మీదనుంచి చూపు తిప్పలేదు. మూడోసారి చెప్పబోతుంటే పడుగు అదిరింది. అప్పుడు చూసింది. నూకరత్నం పడుగు మీద వాలి, ఫిట్సొచ్చి కొట్టుకుంటోంది.

ఆస్పత్రికి చేరేసరికే బిడ్డ లేదు, సాయంత్రానికి తల్లీ లేదు. డాక్టరమ్మ, తలనొప్పి ఎన్నాళ్ళనుంచి, అనడిగిందంట. నాలుగు రోజులండి. నిండు కడుపుతో తలనొప్పి, కాళ్ళ వాపు అంటే రక్తపోటేగా, మరి చూపించలేదేం? ఫోను వల్లనుకున్నానండి, అంది చౌడమ్మ. డాక్టరమ్మకి ఆ మాట అర్థమే కాలేదు.

ఇప్పుడు ఎడంపక్కన వేరే మనిషి కూర్చుంటోంది. చౌడమ్మ లెక్క చెప్పేముందు ప్రతిసారీ తిరిగి ఆ మొహం చూస్తుందంట. అందుకే చీర ఆలస్యమవుతోందని షావుకారు సణుగుడు. మీకు ఫోను చూస్తే తల నొస్తే నాడె ఊపి చూసుకోండి, లేకపోతే పెన్సిలైనా సరే, పనిచేస్తుంది. పక్కమనిషికి నొస్తే మాత్రం ముందు ఆస్పత్రి బండెక్కించండి. నాడె సంగతి తిరిగొచ్చాక చూసుకోవచ్చు.