కడగవద్దు

కెమిస్ట్రీ విభాగం, రెండో అంతస్తులో మూల ల్యాబు. సాయంత్రం నాలుగు. ప్రొఫెసరుగారు, ఆయన దగ్గర ఐదేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. తలుపు దగ్గరగా వేసుంది గానీ గొళ్ళెం పెట్టలేదు.

“ఏ మాగ్నెట్ అయితే ఏముందమ్మా! ఫ్లాస్కులో గిర్రున తిరిగి కలపాలి, అంతేగా దాని పని?”

“అయితే ఈ కొత్తది వేస్తాను సార్. నిన్ననే ప్యాకెట్టు విప్పాను.”

“కొత్తదెందుకు? పాతది ఉందిగా.”

“ఏదైనా ఒకటే అన్నారు కదా సార్, ఇప్పుడే.”

“అన్నాను. ఒకటే. ఒకటే కనక పాతదే వెయ్యి. రేపు పది గంటలకి పురస్కారం కమిటీవాళ్ళు నలుగురు ఈ బల్ల చుట్టూ నిలబడి చూస్తారు. కొత్త సామాను పెట్టి ప్రయోగాలు చేసే రోజా అది?”

“మనం చేసేది ప్రయోగమే కదా సార్.”

“నా దగ్గరా తెలివితేటలు? ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చేస్తున్న రసాయన చర్య అది. కళ్ళు మూసుకుని చెయ్యొచ్చు.”

“నేనూ అదే అంటున్నాను. లోహం చిటికెడు కూడా వెయ్యకుండా రెండు పదార్థాలు అతుక్కుంటాయని మీరు ఋజువు చేశారు. పాఠ్యపుస్తకంలో మీ పేరుతో ఉంది. నేను డిగ్రీలో అది చదివే మీ దగ్గరికి వచ్చాను. అలాంటి చర్య, కొత్త మాగ్నెట్‌తో ఎందుకు రాదు సార్?”

“రాదని ఎవరన్నారు?”

“నేనే. పద్నాలుగుసార్లు చేశాను. పద్నాలుగుసార్లూ దిగుబడి సున్నా.”

“అది నీ చెయ్యి. కెమిస్ట్రీకి కూడా హస్తవాసి ఉండాలి. కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు.”

“ఇదే చెయ్యి సార్. పాత నల్ల మాగ్నెట్ వేస్తే తొంభై రెండు శాతం తెచ్చింది. అదే రోజు, అదే బల్ల మీద, పక్కపక్కనే.”

“అయితే?”

“అయితే ఏమిటో మీరే చెప్పాలి.”

“నలుపేమిటి, తెలుపేమిటి! పాతబడితే ఏ సామానైనా మాసిపోతుంది. నా జుట్టు చూడు, అది నల్లగా ఉండాల్సింది, తెల్లబడింది. దాని మీద కూడా పేపరు రాస్తావా?”

“నవ్వించకండి సార్. నాకు నవ్వు రావడం లేదు.”

“నవ్వించాలని నాకూ లేదు.”

“మీరు ఈ చర్య కనిపెట్టకముందు రెండేళ్ళు పల్లాడియం లోహంతో పనిచేశారు. అప్పుడూ అదే మాగ్నెట్. ఆ లోహం దాని పైపూతలోకి ఇంకిపోయింది. మనమేమో లోహం వెయ్యడం లేదనుకుంటున్నాం. అది తిరిగినప్పుడల్లా తనే కాస్త కాస్త వడ్డిస్తోంది.”

“కథ బాగుంది.”

“కథ కాదు. రవ్వంత గీకి పరీక్షకి పంపాను. పల్లాడియం ఉందని రిపోర్టు వచ్చింది.”

“నన్నడక్కుండా నా సామాను గీకావా!”

“అడిగితే ఇచ్చేవారా?”

“గొంతు తగ్గించు. ఎవరో వస్తున్నారు.”

“సార్, లోపలికి రావచ్చా? కడగాల్సిన ఫ్లాస్కులు ఏమైనా మిగిలాయేమోనని.”

“ఇప్పుడు కాదయ్యా, తర్వాత రా.”

“ఎల్లుండితో నా సర్వీసు అయిపోతుంది కదండీ. ముప్ఫై మూడేళ్ళు ఈ సింకు దగ్గర నిలబడ్డాను. ఒక్క మురికి గాజుముక్క కూడా మిగల్చకుండా అప్పగించి పోదామని.”

“తర్వాతన్నానా!”

“అలాగే సార్. అమ్మా, నువ్వైనా కాస్త కూర్చో. మొహం పీక్కుపోయింది.”

“పర్లేదు తాతా. నువ్వు వెళ్ళు.”

“వెళ్ళాడా?”

“వెళ్ళాడు.”

“ఇప్పుడు చెప్పు. నీ థీసిస్ ఎక్కడుంది?”

“మీ గదిలో, బల్ల మీద. మూడు వారాలుగా.”

“నా సంతకం పడందే అది ఆ బల్ల దిగదు. తెలుసుగా?”

“నాకు తెలుసు. మా అమ్మకీ తెలుసు. రోజూ ఫోను చేసి ‘తిన్నావా’ అని అడగడం మానేసింది. ‘సార్ పెట్టారా?’ అంటోంది.”

“మరి తెలిసి తెలిసీ ఎందుకమ్మా ఈ పెంకితనం? రేపు ఒక్క గంట. పాతది వేసి చూపించు, ఎల్లుండి డాక్టరువి.”

“బెదిరిస్తున్నారా సార్?”

“బతిమాలుతున్నాను. నా గొంతే అలా ఉంటుంది.”

“నిజం చెప్పండి సార్. మీకు ముందే తెలుసా?”

“ఛ! తెలిస్తే ఊరుకుంటానా? నువ్వు చెప్పేదే నిజమైతే నా గుండె ఏమైపోవాలి, అది ఆలోచించవేం? ముప్ఫై ఒక్క ఏళ్ళు నన్ను నేనే మోసం చేసుకున్నట్టు కదా! ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు వచ్చి ‘సార్, ఇదీ సంగతి’ అని ఉంటే, ఆ క్షణమే పత్రికకి ఉత్తరం రాసి పేపరు వెనక్కి తీసుకునేవాణ్ణి.”

“ఒట్టా?”

“ఏమిటీ?”

“ఒట్టు వెయ్యగలరా అని.”

“నా పిల్లల మీద ఒట్టు.”

“వెయ్యకండి సార్, పాపం పిల్లలేం చేశారు. ముందు ఈ నోట్‌బుక్ చూడండి.”

“ఎవరిదిది? అట్ట ఊడిపోయి…”

“పొడుగబ్బాయిది. తాత అలాగే పిలిచేవాడట. పదిహేడేళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర, మీ దగ్గరే చేశాడు.”

“ఓ, వాడా! వాడి చేతులు వణికేవి. కెమిస్ట్రీకి పనికొచ్చే చేతులు కావవి.”

“మీరు అలాగే రాసిచ్చారు. ‘ప్రయోగాలకు పనికిరాడు’ అని. మూడేళ్ళు చాకిరీ చేసి ఉత్త చేతులతో పోయాడు. ఇప్పుడు ఒక పెయింట్ల కొట్టులో రంగులు కలుపుతున్నాడు.”

“నీకెవరు చెప్పారు?”

“ఎవరో చెప్పడమేమిటి, వెళ్ళి చూశాను. గోడ ముక్క ఒకటి చేతికిస్తే, అదే రంగు చుక్క తేడా లేకుండా కలిపి డబ్బాలో పోస్తున్నాడు. గంటసేపు పక్కన నిలబడ్డాను సార్. ఒక్కసారి కూడా చెయ్యి వణకలేదు.”

“ఇదెక్కడ దొరికింది నీకు?”

“పాత సామాన్ల గదిలో. చదవనా? నూట పదకొండో పేజీ. ‘కొత్త మాగ్నెట్: సున్నా. పాత మాగ్నెట్: తొంభై శాతం. పాతదానికి లోహం పట్టిందని అనుమానం. ఆసిడ్‌లో కడిగి మళ్ళీ చేస్తే తేలిపోతుంది. సార్‌కి చెప్పాను.’”

“చెప్పానని రాసుకుంటే చెప్పినట్టేనా?”

“కింద మీ సంతకం ఉంది. తేదీతో సహా.”

“నోట్‌బుక్‌లో ప్రతి పేజీకీ గైడు సంతకం పెట్టాలన్నది నియమం. రోజుకి ఇరవై పేజీలు పెడతాను. అన్నీ చదువుతానా? కళ్ళు మూసుకుని గీకి పారేస్తాను.”

“ఎర్ర సిరాతో రాసింది కూడా కళ్ళు మూసుకునే రాశారా?”

“ఎర్ర… ఏదీ?”

“ఇదిగో, పక్కన. ‘కడగవద్దు.’ కింద రెండు గీతలు. ఈ అక్షరాలు మీవి కావంటారా? నా థీసిస్ నిండా ఇవే అక్షరాలు సార్. చీకట్లో కూడా గుర్తుపడతాను.”

“ఆ స్టూలు కాస్త ఇటు లాగు.”

“కూర్చోండి. మంచినీళ్ళు తేనా?”

“వద్దు. నువ్వూ కూర్చో. నిలబడి చూస్తుంటే కోర్టులో ఉన్నట్టుంది.”

“కూర్చున్నాను. చెప్పండి.”

“మొదట అబద్ధం చెప్పాలని చెప్పలేదమ్మా. ఈ ఒక్కటీ నమ్ము. అప్పటికి నాకు ముప్ఫై రెండేళ్ళు. ఆ తెల్లపొడి మొదటిసారి ఫ్లాస్కు అడుక్కి దిగినప్పుడు పిచ్చివాడిలా ఈ వరండాలో అటూ ఇటూ పరిగెత్తాను. పద్నాలుగేళ్ళు నిజమనే నమ్మాను. బయటి ఊళ్ళనుంచి ఉత్తరాలు వచ్చేవి, ‘మాకు రావడం లేదు’ అని. ‘మా దగ్గరికి రండి, నేర్పుతాం’ అని గర్వంగా రాసేవాణ్ణి. వచ్చినవాళ్ళకి ఇక్కడ వచ్చేది. నోరు మూసుకుని పోయేవాళ్ళు.”

“అందరికీ ఆ మాగ్నెట్టే వేసి.”

“అదే వేసి. అచ్చొచ్చిన సామాను అని అలవాటు, అంతే. ఆ తర్వాత వాడొచ్చాడు, ఈ పుస్తకం పట్టుకుని. నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నాడు. వాడు రెండు వాక్యాలు చెప్పేసరికే నాకు అర్థమైపోయింది.”

“మరి?”

“మరేముంది! అప్పటికి విభాగానికి హెడ్‌ని. ఈ చర్య మీదే డాక్టరేట్ తీసుకుని ఆరుగురు ఉద్యోగాల్లో ఉన్నారు. ఇంకో నలుగురు సగంలో ఉన్నారు. నేను ఒక్క మాట ఒప్పుకుంటే అంతమందీ నిలువునా మునిగిపోయేవాళ్ళు.”

“అందుకని ఒక్కణ్ణి ముంచారు.”

“అవును.”

“ఎంత తేలిగ్గా అన్నారు సార్!”

“తేలికా? ఇంట్లో మీ మేడమ్‌కి కూడా చెప్పుకోలేదు. స్టేజీ ఎక్కినప్పుడల్లా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేవాణ్ణి, వెనక వరసలోంచి ఆ పొడుగువాడు లేచి నిలబడతాడేమోనని. వాడు రాలేదు. ఒక్కసారీ రాలేదు. అదింకా నరకం.”

“ఇప్పుడు నేను లేచాను కదా.”

“లేచావు. అందుకే అడుగుతున్నాను. రెండు నెలల్లో రిటైరవుతాను. గేటు దాటిన మర్నాడే నువ్వు ఇదంతా రాసుకో. నా పేరు పెట్టి రాయి, నోరెత్తను. రేపొక్క గంట నా పరువు కాపాడు. థీసిస్ మీద ఇప్పుడే సంతకం పెడతాను. పెన్ను కూడా తీశాను, చూడు.”

“ఎర్ర సిరాదా?”

“నీలం.”

“మూడో అధ్యాయం ఆ చర్యే సార్. సంతకం పెడితే ఆ అబద్ధం నాది కూడా అవుతుంది.”

“తెలుసు.”

“తెలిసీ పెడతారా?”

“నువ్వు తెలిసీ పెట్టించుకుంటావా అన్నదే ఇప్పుడు మిగిలిన ప్రశ్న.”

“మీరు కసురుకుంటే ఎదురు తిరగొచ్చు. ఇలా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నేనేం చెయ్యను! సార్, నాకు ముప్ఫై దాటింది. నా తమ్ముడి కూతురు నడుస్తోంది, మాట్లాడుతోంది. ‘అత్తా, నీ స్కూలు ఎప్పుడైపోతుంది?’ అని అడిగింది మొన్న. ఇంట్లో అందరూ నవ్వారు. నేను బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను. మళ్ళీ మొదటినుంచి ఇంకో మూడేళ్ళు చెయ్యడానికి నాకు ఓపిక లేదు. ఉండాలి. కానీ లేదు.”

“ఎవరికీ ఉండదమ్మా.”

“పొడుగబ్బాయికి ఉంది.”

“వాడి మాట ఎత్తకు.”

“సరే. ఎత్తను. సంతకం పేజీ ఒకటి నా ఫైల్లోనే ఉంటుంది, ఎప్పుడు మీ మనసు మారుతుందోనని. ఇదిగో.”

“ఇటివ్వు… ఊఁ. పెట్టాను. బంగారు తల్లివి!”

“ఆ మాటనకండి. నన్ను చూస్తే నాకే అసహ్యంగా ఉంది.”

“రెండు రోజులుంటుంది. తర్వాత అలవాటైపోతుంది. నన్నడుగు. పద, సెట్టు బిగించు. మాగ్నెట్ మూడో సొరుగులో, మూతున్న చిన్న డబ్బాలో ఉంటుంది.”

“తెలుసు, నేనేగా పెట్టాను… సార్.”

“ఏం?”

“డబ్బా ఖాళీగా ఉంది.”

“సరిగ్గా చూడు.”

“ఖాళీ డబ్బాలో సరిగ్గా చూసేదేముంది సార్!”

“నువ్వే దాచావు.”

“దాచేదాన్నయితే ఇప్పుడు మీకు సరేనంటానా? తాతా! తాతా, ఒకసారి ఇలా రా!”

“వస్తున్నానమ్మా, వస్తున్నా. చేతులు తడిగా ఉన్నాయి, తలుపు కాస్త లాగు.”

“తాతా, మూడో సొరుగులో నల్ల మాగ్నెట్ ఉండాలి. చూశావా?”

“అదా! ఇదిగో, ఈ గుడ్డలో. పొద్దున్నే ఆసిడ్‌లో వేశాను. మూడుసార్లు ఆసిడ్ మార్చాల్సొచ్చింది, ఎన్నేళ్ళ మురికో! ఇప్పుడు చూడండి సార్, పసిపిల్లల పాలపన్నులా ఎంత తెల్లగా ఉందో.”

“ఏమయ్యా… ఏమయ్యా! దాన్ని ఒక్కదాన్ని కడగవద్దని పదిహేడేళ్ళుగా నీకు మొత్తుకుంటున్నానా లేదా?”

“చెప్పారు సార్.”

“మర్చిపోయావా?”

“లేదు సార్. మర్చిపోతే హాయిగా ఉండేది.”

“అంటే… తెలిసే చేశావా?”

“సీసాలు కడిగేవాణ్ణి, నాకేం తెలుస్తుంది సార్ మీ చదువులు. పొడుగబ్బాయి వెళ్ళిపోయేనాడు మాత్రం ఆ సింకు దగ్గర నిలబడి నా చేతులు పట్టుకున్నాడు. ‘తాతా, ఆ ఒక్కటీ కడిగెయ్యి, నా చేతుల్లో తప్పు లేదని అందరికీ తెలుస్తుంది’ అన్నాడు. ‘కడిగితే నా ఉద్యోగం పోతుంది బాబూ’ అన్నాను. ఎల్లుండి దాటితే పోవడానికి నాకు ఉద్యోగమే లేదు కదా సార్, అందుకని ఇవాళ కడిగాను.”