మావయ్యకి కోటు తొడిగిన ఫోను

పాత ఇనుపోడికా! నా కంప్యూటర్ని పాత ఇనుపోడికి ఇచ్చీమన్నాడా నీ కొడుకు? ఆ మాట నా మొకాన సెప్పడానికి నోరు రాక, కేరేజీతో పాటు నీసేత పంపించినాడా?

కూకో అత్తా. ఆ స్టూలు మీదొద్దు, దాని కాలు ఊగుతాది. ఇలగ నా పక్కకి రా. ఒక ఫైలు తెరుస్తన్నాను. అది తెరుసుకునే లోపు నాను సెప్పాల్సిందంతా సెప్పీగలను, అంత నెమ్మది ఈ పెట్టి.

అవును, నెమ్మదే! నానెప్పుడు కాదన్నాను? ముసిలిదైపోనాది. పెద్ద ఫొటో ఎడితే ఆయాసపడిపోతాది. పెల్లి ఆల్బం సేస్తుంటే మద్దిలో ఆగిపోతాది, సేసిందంతా గంగలో కలిసిపోతాది.

అందుకే కదా కంప్యూటర్లు బాగుసేసీ జగన్నాధాన్ని ఇజీనారం నించి పిలిసి సూపించినాను. మెమరీ పెంచి, కొత్త డిస్కు ఏస్తే ఇంకొన్నాళ్ళు లాగుతాదమ్మా అన్నాడు. కొత్త సాఫ్ట్‌వేర్లు కావాలంతే మాత్రం పెట్టి మొత్తం మార్సాల్సిందేనంట. రెంట్లో ఏది సేద్దామని నీ కొడుకుని అడిగినాను. ఏటన్నాడో తెలుసా? రెండూ ఒద్దంట. ఫోను సాలంట!

ఫోను! నాను పూటంతా కూకుని సేసీ పని అది సిటికెలో సేసి పడేస్తాదంట. కెమెరా మెళ్ళో ఏసుకుని మండపంలో తిరిగీది నీ కొడుకు. మరి తరవాత పెల్లికూతురి మొకం మీద సెమట తుడిసీది ఎవులు? ఎనకాల ఎంగిలాకులు సెరిపీది ఎవులు? ఈ కుర్సీలో కూకున్నాకే గజపతినగరంలో నన్ను బవానమ్మ అన్నారు. అంతకుముందు ఫొటోల గోపి పెళ్ళాం, అంతే. పెట్టి పోతే మల్లీ అదే.

సచ్చిపోనోల ఫొటోలు నా దగ్గిరికే ఎందుకు తెస్తారనుకున్నావు? పెద్దకర్మకి ఫ్లెక్సీ కావాలంతారు. ఫొటో ఉన్నాదా అంటే ఆధార్ కార్డు సేతిలో ఎడతారు. అందులో మనిషి దొంగతనంలో దొరికిపోనట్టుంటాడు. మెడ సరిసెయ్యాల, సొక్కా తొడగాల, కళ్ళలో ఎలుగెట్టాల. మొకం జోలికి మాత్రం నానెల్లను. మచ్చుంటే మచ్చే, సొట్టుంటే సొట్టే. అందుకే ఆ ఇంటి ఆడోలు ఫ్లెక్సీ మీద సెయ్యేసి బోరుమంతారు.

మరి మనింట్లో ఏటయినాది? ఫొటోలోడి కన్నతండ్రికి ఒక్క మంచి ఫొటో నేదు! ఊరందరి మొకాలూ తీసినోడు తండ్రిని ఒక్కపాలి నిలబెట్టి తియ్యనేదు. ఆధార్ కార్డూ, మా పెల్లి ఆల్బంలో ఓ మూల సాంబారు బకెట్టు పట్టుకుని నిలబడ్డ బొమ్మా... ఆ రెండూ ముందెట్టుకుని మావయ్య మొకం సేస్తన్నాను. ఆయన పెద్దకర్మకి ముందు రోజు ఈ పెట్టి ఆగిపోనాది. ఏడుసుకుంటా మల్లీ మొదలెట్టీలోపు, నీ కొడుకు ఫోన్లో సేసీసి ప్రింటుకి పంపించీసినాడు.

ఏటి సేసినాదత్తా ఆ ఫోను? సేల్లో మాడి మసైపోన మనిషిని మైదాపిండిలాగ తెల్లగ సేసినాది. కోటు తొడిగినాది. టై కట్టినాది! సొక్కా ఏసుకోమంతేనే ఒళ్ళు మండిపోతాదనీవోడికి! కనుబొమ్మ మీద ఎద్దుకొమ్ము గాటు ఎగిరిపోనాది. ఆపైన పళ్ళన్నీ కనపడీలాగ నవ్వు. బోజనాలకొచ్చినోలు ఈ బాబెవులు, ఏ ఆఫీసరు అని సెవులు కొరుక్కున్నారు.

ఆ బొమ్మకే పటం కట్టించి, దండేసి, గోడకి తగిలించినాడు. నువ్వేటి సేసినావు? కాపరం సేసినదానివి, ఒరే ఈయన మీ నాన్న కాదురా అని ఒక్క మాటనొచ్చు గదా! నువ్వంటే జంకుతాడు నీ కొడుకు. నువ్వొక్క మాటంతే ఈ పెట్టికి కొత్త సామాన్లు ఈపాటికి ఏయించీసీవోడు.

అందుకే మావయ్యని మల్లీ సేసినాను. అదే తెరుస్తన్నాను. ఎవులికోసం? నీకోసమే అత్తా. నువ్వు నీ మొగుణ్ణి సూసుకోవాలని. ఆయన బంగారం కాదేటి? ఇజీనారంలో కంప్యూటరు క్లాసుకి ఎల్తానంతే, కోడలేటి సదువేటని మీరందరూ నోరు సేసుకున్నారు. ఎల్లమ్మా అన్నది ఆయనొక్కడే.

అదిగో... ఒస్తంది, ఒస్తంది. సూడు! ఎవులో సెప్పు!

మొకం తిప్పీసుకున్నావేటి? బాగోనేదా?

అచ్చం ఆయనే అంతన్నావు గదా, మరేటి?

మూసీమంతావా! ఇంటికాడిదే ఉండనీమంతావా? ఆ కోటాయన్నా? అత్తా, నీకేటి మతిపోనాదా?

ఏటీ? గట్టిగా సెప్పు.

ఆ పటంలో ఆయన నవ్వుతన్నాడా. అందుకా.

నీకేసి సూసి ఒక్కపాలి కూడా...? ఇన్నేళ్ళ కాపరంలో?

ఉండు, ఏడవకు. నాకు తెల్దత్తా. ఈ కనుబొమ్మల ముడి నాకూ కనపడినాది. ఎండలో పనిసేసి సేసి అలగ పడిందనుకున్నాను. ఇది మా పెల్లి ఆల్బంలోంచి తీసిన సూపు. అక్కడ బకెట్టుకి ఇవతల విస్తరేసుకుని కూకున్నది నువ్వే గదా. నీకేసే గదా అలగ సూస్తన్నాడు. పెద్దది సేసి గీత గీతా కడిగినాను గానీ, ఆ సూపు ఎవులి మీదో సూడనేదు.

మూసీసినాను. ఇదిగో, తీసి పారీసినాను కూడా. ఈ పెట్టిలో ఇంక ఆయన నేడు.

ఇనుపోడికి ఇచ్చీమను. కొత్త సామాన్లు ఇంకెందుకు? ఉన్న మొకం ఉన్నట్టుండాలని నీ కొడుకుతో దెబ్బలాడి దెబ్బలాడి గొంతు పోనాది నాకు. కాపరం సేసినదానికే ఆ మొకం అక్కర్నేదు. మొకాలు తెల్లగ నవ్వాలంతే ఫోను సాలు.

నాతో అంత మెత్తగా మాటాడి, నీతో ఇలగ బతికినాడా ముసిలోడు! ఇప్పుడు బతికుంటే దులిపీసీదాన్ని.

నీకోసం సేసినానని అబద్దమాడినానత్తా. నాకోసమే సేసుకున్నాను. ఈ ఇంట్లో నన్ను అమ్మా అని పిలిసినోడు ఆయనొక్కడే.