తెగిందన్న మాట

తాపీ నదికి వరద వచ్చిపోయిన మరుసటేడు. మగ్గాల పనికి వలసొచ్చిన తెలుగువాళ్ళుండే భేస్తాన్‌లో, సాంచాల షెడ్డు వెనక ఒంటిగది. గోడ అవతల మరమగ్గాలు ఆడుతుంటే ఇవతల గిన్నెలు కూడా కుదురుగా ఉండవు. మంచం మీద దేవదాస్. పక్షవాతం వచ్చిన ఈ మూడు నెలలుగా అతని నోట ఒక్కటే మాట. పక్కన భార్య ప్రమీల. ఎదురుగా, ధర్మాసుపత్రి నుంచి మాట నేర్పడానికి వచ్చే మనోజ్ఞ. ఇవాళ ఆ పిల్ల రాసేదాన్ని బట్టే అంతా ఉందని ప్రమీలకు తెలుసు.

"మల్లొకపారి అడుగుండ్రి మేడం. నిద్రలకెల్లి గిప్పుడే లేసిండు."

"మూడుసార్లు అడిగాను ఆంటీ. సరే. అంకుల్, ఈ బొమ్మ చూడండి. ఏంటిది?"

"తెగింది."

"గ్లాసు. నీళ్ళ గ్లాసు. మరి ఇది?"

"తెగింది."

"అన్నం అంకుల్. చూశారా ఆంటీ? నీళ్ళకీ అదే, అన్నానికీ అదే."

"దారం బొమ్మ జూపియ్యిండ్రి. దారానికైతె సరిగ్గ చెప్తడు."

"అన్నిటికీ అదే అనే మనిషి దారానికి తెలిసి అన్నాడని ఎలా రాయను?"

"తెలుస్తది మేడం. ఇరవై ఏండ్లు సాంచ నడిపిండు. మొన్న నా చెప్పు తెగితె జూసి అన్నడు. మా గల్లీల నీళ్ళ నల్ల కాడ బక్కయ్య, సంపత్ కొట్లాడుకున్నరా, ఎన్కసిరి సంపత్ ఇంటికొచ్చిండు. పంచాది ఏమైందే అని నేనడిగితె, ఆయన చెప్పకముందే ఈయన తెగింది అన్నడు. నిజంగనే తెగింది. ఇద్దరు కలిసి చాయ తాగొచ్చిన్రు."

"మీరు విన్నవి రాయకూడదు. నా ముందు అనాలి."

"అన్నడు మేడం. నా మీద ఒట్టు."

"నమ్ముతాను. మా చదువంతా దీని మీదే. ఇన్ని అర్థాలున్న మాట తలలో ఒక్కటిగా ఉంటుందా, అర్థానికొకటిగా ఉంటుందా అని. తాగే పాలకీ, వాటా అని అర్థమొచ్చే పాలుకీ చుట్టరికం లేదు. కానీ దారం తెగడం, చెప్పు తెగడం, గొడవ తెగడం అక్కచెల్లెళ్ళు. ఒకదాన్ని పిలిస్తే మిగతావీ కదులుతాయంటారు."

"ఒక్కటే మేడం. గుంజుతున్నది ఆగితె తెగినట్టే. దాంట్ల సదువుకునేదేముంది."

"డాక్టర్‌గారు ఒప్పుకోవట్లేదు. ఒట్టి నోటి అలవాటు, లోపల ఏమీ లేదంటున్నారు. ఇవాళ ఒక్కసారి, ఒక్క కొత్త అర్థంలో నా ముందు అంటే చాలు, జాబితాలో ఈయన పేరు ఉంచుతారు. లేకపోతే రేపటి నుంచి నన్ను వేరే పేషెంట్ దగ్గరికి పంపిస్తారు."

"మీరు రాకుంటె ఈయనతోని ఇగ ఎవలు మాట్లాడుతరు? నేను మాట్లాడితె గోడ దిక్కు తిరుగుతడు. నాతోని అయితలేదు మేడం. అడ్డెడు మాటలున్న మనిషి, ఇప్పుడు..."

"ఆయన ముందే అనేశాను. తప్పు చేశాను."

"ఇన్నడు. అన్నీ ఇంటడు."

"అంకుల్? ఏం కావాలి? ఆంటీ, ఎడమ చెయ్యి లేపుతున్నారు."

"దూపైతుందా, నీళ్ళు తాగుతవా? ఏందయ్యా... మెడ మీద చెయ్యేస్తవు? మేడం ఉన్నది."

"తెగింది."

"పుస్తెలతాడా? తెగలేదు అంకుల్. బాగానే ఉంది, చూడండి."

"తెగింది."

"ఇడువు. తాడు ఇడువయ్యా."

"తెగింది. తెగింది."

"నువ్వు నా కండ్ల ముందట బత్కి ఉండంగ గా మాట ఎట్లంటవు? ఏడ్సుకుంట మల్ల గదే అంటవు."

"ఆగండి ఆంటీ. ఇది ఊరికే అన్నది కాదు. మీ కళ్ళలోకి చూసి అన్నారు. తాడు బాగానే ఉన్నా తెగిందంటున్నారంటే... నేను ఇక్కడే పుట్టి పెరిగాను, నాది ఇంట్లో మాట్లాడే తెలుగే. మీ వైపు దీనికి ఇంకో అర్థం ఉందా?"

"అదా... జర ఆగుండ్రి. ఈయన మూతి తుడువనియ్యుండ్రి."

"తుడవండి. కానీ చెప్పండి. ఒక్క ముక్క చాలు, ఇప్పుడే రాస్తాను. నా ముందే అన్నారు, నేనే చూశాను. పేరు ఉండిపోతుంది. రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను. ఏమంటున్నారు?"

"ఏమంటలేడు."

"ఏడుస్తున్నారు ఆంటీ. మీరు కూడా."

"ఏమంటలేడంటి గద."

"మీరు చెప్పకపోతే నాకెవరు చెప్తారు? ఆ మాటకి అర్థం ఏంటి?"

"అర్థమేం లేదు మేడం. డాక్టరుసారు చెప్పిందే నిజం. లోపల ఏం లేదని రాస్కోండ్రి."