పువ్వు లేని తుపాకీ

కూర్చో అమ్మడూ, ముందు ఆ మసి చేతులు తుడుచుకో. మీ తాత గరాజు సర్దడానికని వెళ్ళి ఈ చీలిపోయిన తుపాకీ పట్టుకొచ్చావా? ఎప్పుడో చెత్తలో పారేసుంటాడనుకున్నా. మా తమ్ముడు ఏదీ పారేసే రకం కాదులే, విరిగిన గొడుగులు కూడా దాచేవాడు. దీని సంగతి చెప్పాలంటే వెర్నన్ కెస్లర్ సంగతి చెప్పాలి. నువ్వు పుట్టకముందే పోయాడులే. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసేవాడు. పొట్టివాడు, ఒక కాలు కాస్త ఈడ్చేవాడు, మాటలో మాత్రం మహా పొగరు. యుద్ధాల్లోంచి వచ్చిన పాత తుపాకులంటే ప్రాణం. మన పెన్సిల్వేనియా కొండల్లో ఎవరింట్లో చూసినా ఒకటుండేది కదా, తండ్రి తెచ్చిందో, వేలంలో కొన్నదో. తీసుకెళ్ళి వాళ్ళ వంటింటి బల్ల మీద పెడితే చాలు, "ఇది ఫలానా దేశం, ఫలానా కార్ఖానా, ఈ ముద్ర చూడు, ఈ చెక్క తర్వాత మార్చారు" అని జాతకం చెప్పేసేవాడు. వాళ్ళావిడ ఎడ్నా "ముందు ఆ ఇనుము తియ్యండి, నేను పిండి కలుపుకోవాలి" అని గొణిగేది. ఆవిడ కాల్చే యాపిల్ పై మహా రుచిలే. ఏం చెప్తున్నా? ఆఁ, తుపాకీ.

ఇది జపాన్‌ది. ఎవరో ముసలాయన పోతే వాళ్ళింటి సామాన్ల వేలంలో కొన్నాడు మీ తాత లెరాయ్, ఓ డబ్బా గుళ్ళతో సహా. జింకల వేట మొదలయ్యే ముందు శనివారం ఫైర్ స్టేషన్‌లో విందు పెడతారు చూడు, అక్కడికి మోసుకొచ్చాడు. ఇప్పుడు నువ్వొకటి తెలుసుకోవాలి. ఆ తుపాకుల నెత్తిన వాళ్ళ చక్రవర్తి పువ్వు చెక్కి ఉంటుంది. ఓడిపోయి అప్పగించినప్పుడు ఆ పువ్వుని అరగదీసి ఇచ్చారు, రాజుగారి గుర్తు పరాయివాడి చేతిలో పడకూడదని. వెర్నన్ ఒక చేత్తో బీరు పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో ఆ చోటు ఒక్కసారి రాశాడు. "పువ్వు అరగదీశారు లెరాయ్, అప్పగించిన సరుకు. వీటంత గట్టివి లేవు, నిశ్చింతగా కాల్చుకో" అన్నాడు పదిమందిలో. గొట్టంలోకి కూడా చూడలేదు. చూసుంటే సరిపోయేది, నిజం తుపాకీకైతే లోపల మెలికల గాట్లుంటాయి.

సోమవారం ఇంకా తెల్లవారలేదు. వేట మొదటిరోజు కదా, బళ్ళకి సెలవు, మిల్లుకి సెలవు. నేను అప్పుడే కాఫీ తాగుతున్నా. తలుపు దబదబా బాదాడు వెర్నన్. పైజమా మీద గోధుమరంగు కోటు, మొహంలో నెత్తురుచుక్క లేదు. "లెరాయ్ వెళ్ళిపోయాడా?" "ఎప్పుడో వెళ్ళాడు, ఏమైంది?" "మెర్విన్, అది అరగదీసింది కాదు. అరగదీస్తే వేలికి గరుకు తగలాలి. రెండు రాత్రులుగా ఈ వేలు నన్ను పడుకోనివ్వడం లేదు. అది పసిపిల్ల బుగ్గలా ఉంది. అసలు దానికి పువ్వే పెట్టలేదు. అది బడిపిల్లలకి కవాతు నేర్పడానికి పోత ఇనుముతో పోసింది, ఉత్తుత్తి గుళ్ళకి తప్ప పనికిరాదు. నిజం గుండు పెట్టాడంటే వెనక్కి పేలుతుంది. మొహం మిగలదు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి తల్లీ. మీ నాయనమ్మకి అప్పుడు ఎనిమిదో నెల, మీ నాన్న కడుపులో. కారు తీసి వాడెప్పుడూ వేటాడే కొండ కిందిదాకా పోనిచ్చా, అక్కణ్ణించి నడకే. వెలుతురు రాగానే మొదలయ్యాయి మోతలు, నాలుగు పక్కల నించీ. ఏటా సంబరంగా వినేవాణ్ణి వాటిని. ఆ రోజు ఒక్కోటి నా తమ్ముడి మీద పడుతున్నట్టే ఉంది. వెర్నన్ రొప్పుతూ, "అది కాదు, అది దూరం" అంటాడు. ఇంకోటి. "అదీ కాదు." తర్వాత పైన గట్టు మీదనించే ఒకటి మోగింది. దానికి వాడేమీ అనలేదు. ఇద్దరం అటే ఎక్కాం. అంత భయం నా జన్మలో మళ్ళీ ఎరగను.

బతికే ఉన్నాడు, ఆ మోత వేరెవరిదో. వాగు అవతల, బండ మీద కూర్చుని తుపాకీ భుజానికెత్తాడు. ఇవతల ఒడ్డున, మాకు కాస్త దిగువన పెద్ద కొమ్ముల మగజింక. అరిచాం. వానలకి వాగు హోరు, మిల్లులో పనిచేసి మీ తాత చెవులు సగం పోయాయి, ఏం వినిపిస్తుంది? వెర్నన్ చేతులు రెండూ పైకెత్తి, ఆ కాలు ఈడ్చుకుంటూ, తిన్నగా నీళ్ళలోకి, జింకకీ తుపాకీకీ మధ్యకి దిగిపోయాడు. జింక రంగు కోటుతో, వేటరోజు, గొట్టం ముందుకి! లెరాయ్ అదిరిపడి తుపాకీ దించాడు. జింక పారిపోయింది. వాడు లంకించుకున్న బూతులు నీ ముందు చెప్పకూడదు. వెర్నన్ ఆ చల్లటి నీళ్ళలోనే కూలబడిపోయాడు.

మీ తాత నమ్మితేనా? "శనివారం మంచిదన్నావు, సోమవారం చెడ్డదంటావు, నీ నోటికో నమస్కారం" అని వెక్కిరించాడు. ఆ మధ్యాహ్నం గుండు పెట్టి, ట్రాక్టరు టైరుకి కట్టి, దూరంనించి మీటకి కట్టిన తాడు లాగాడు. ఇదిగో, ఇలా చీలింది. వెనకముక్క పోయి కొట్టం తలుపులో జానెడు లోతు దిగింది. మీ తాత దాన్ని చూసి పక్కకెళ్ళి వాంతి చేసుకున్నాడు. వెర్నన్ ఇంక ఎవరి తుపాకీ ముట్టుకోలేదు. ఎవరెంత దూరంనించి తెచ్చినా "నాకు తెలీదు" అనేవాడు. ఆరేళ్ళు బతికాడంతే.

ఊళ్ళో నన్నూ మెచ్చుకున్నారు. ఇద్దరూ కలిసి కాపాడారని. మీ తాత ఏటా నాకు జింక మాంసం పంపేవాడు, తిన్నాను. కానీ ఆ రోజు, మనిషిని జింకనుకోకుండా వేసుకునే నారింజరంగు వేటకోటు వేసుకున్నది నేను తల్లీ. ఒడ్డున వెర్నన్ నా వంక తిరిగి, "నువ్వైతే వాడికి కనిపిస్తావు, నువ్వు వెళ్ళు మెర్విన్" అన్నాడు. నా సొంత తమ్ముడు. నేను చెట్టు పట్టుకుని నిలబడిపోయాను. వెర్నన్ ఒక్క క్షణం చూసి తనే దిగాడు. చచ్చేదాకా ఎవరితోనూ అనలేదు. పోయిన నెల ఆస్పత్రిలో, కన్నుమూసే ముందు మీ తాత నా చెయ్యి పట్టుకుని, "ఆ రోజు నువ్వు రాకపోతే నేను లేను అన్నయ్యా" అన్నాడు. అవున్రా అన్నాను.

చలిగాలి కొడుతోంది. ఆ కిటికీ వేసి రా.