గాలి తలుపు

కరీంనగర్‌లో దవాఖాన బయట బెంచీ మీద, మందుల సంచీ నడుమ పెట్టుకుని, భార్యాభర్తలు కూర్చున్నారు.

"నెల సంది గోలీలు ముట్టలేదని డాక్టరమ్మకు ఎందుకు చెప్పలే?" ఆమె అడిగింది.

"అవి నడుము గోలీలు కావు. దుఃఖం పోయేటందుకు ఇస్తరని మందుల దుకాణపాయన చెప్పిండు."

"నడుముకు గూడ పనిజేస్తయట. సెరటోనిన్ అనే రసం మెదడు నుంచి వెన్నుపాము దాక దిగి, నొప్పి పైకి పోకుండ తలుపేస్తదట. అది జల్ది అయిపోకుండ గీ గోలీ ఆపుతదట. బొగ్గుబాయిల గాలి తలుపు కాడ పదేండ్లు పనిజేసినోనికి నేను చెప్పాల్నా?"

"ఒక్క తలుపేస్తే గాలి ఇంకో దిక్కు మళ్లుతది. గది నాకెరుక. నొప్పితోని బిడ్డ యాది గూడ పోతే?"

"లేచి నిలవడొస్తలేదు. బాయి పనికి అన్‌ఫిట్ అని రాస్తరు."

"రాయనీ. జమున పోయి యాడాది కాలే. నేను మర్చిపోను."

ఆమె తన కొంగు ముడి విప్పి, సగం ఖాళీ అయిన గోలీల పట్టీ తీసి, సంచిలోని ఆయన పట్టీ పక్కన పెట్టింది. రెండింటి మీదా ఒకటే పేరు.

"మోకాళ్ల నొప్పికి ఆర్నెల్ల సంది నేను గివే వేస్కుంటున్న. నేను మర్చిపోయిన్నా, జమున బాపూ?"

ఆయన తన పట్టీలోంచి ఒక గోలీ ఒత్తి అరచేతిలో వేసుకున్నాడు.

"జర నీళ్లియ్యి."