ఒంకర అంకె

హుస్సేనీ ఆలంలో స్టవ్‌లు బాగుచేసే దుకాణం. బల్ల మీద జానెడు ఇత్తడి రైలింజిన్ బొమ్మ. దాన్ని తెచ్చిన పెద్దాయన చేతిలో కూరగాయల సంచి.

"విడిభాగాలు తెప్పించుకుని నేనూ మా ఇంటామె కలిసి కట్టినం, భాయ్. ఇరవై ఏండ్లయింది. ఇప్పుడు ఈ పక్క రేకు ఊడింది."

"టంకం పెడ్త సార్. పాత రంగు గీకి కొత్తది వేస్త. గీ తెలుగు అంకెలేంది, ఇంజిన్ మీద?"

"ఆమె రాసింది. ఆఖరిది ఒంకర పోయిందని నవ్విన. రెండు రోజులు నాతో మాట్లాడలే. అవి గీకొద్దు."

"గీకకున్నా మంటకు మాడిపోతయి, సార్."

"ఆమె చేతిరాత ఇంట్ల ఇంకెక్కడా లేదు. ఏదన్న ఉపాయం చెయ్యి, భాయ్."

"సంచిల ఆలుగడ్డలున్నయా? ఒకటియ్యుండ్రి."

"ఎందుకు?"

"సగం కోసి అంకెల మీద అదిమి పట్టుకుంట. వేడంత అదే గుంజుకుంటది. అరె, గిన్ని కొన్నరు! మీరొక్కరే కద ఉండేది?"

"ఆమె పోయి ఏడాదైంది. మార్కెట్ల చెయ్యి ఇంకా ఇద్దరికే ఏరుతది. సగం కుళ్లిపోతయి."

మంట కాసేపు బుస్సుమంది. ఉడికిన ఆలుగడ్డ వాసన వచ్చింది.

"చూడుండ్రి సార్. మీ ఒంకర అంకె గట్లనే ఉన్నది."

"ఉన్నది. గట్లనే ఉన్నది."

"రేపటిసంది సగమే కొనుండ్రి, సార్."

"ఎట్ల కొనాలె, భాయ్? ఇయ్యాల పనికొచ్చింది ఆమె వంతే."